మెత్తటి పెడలు

“తొక్కండి,” అన్నాడు మేస్త్రి, చక్రం విప్పేసిన గూట్లో తల దూర్చి.

కారులో కూర్చున్నాయన బ్రేకు పెడలు మెల్లగా తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కాడు.

“పట్టుకోండి.”

పట్టుకున్నాడు. మేస్త్రి మెడ బాగా కిందికి వంచి, చెయ్యి అడుగునుంచి పోనిచ్చి, గాలి తీసే నిపిల్ మీద స్పానరు కొంచెం వదులు చేశాడు. దానికి తొడిగిన సన్నటి గొట్టంలోంచి బ్రేకు ఆయిలు సీసాలోకి జర్రున దిగింది. ఒక్క బుడగ కూడా లేదు. స్పానరు బిగించి వదలమన్నాడు. కారులో ఆయన కాలు తీసి, మరోసారి తొక్కి చూసి, పెదవి విరిచాడు. పెడలు ఇంకా మెత్తగానే ఉంది. నానిన రొట్టెమీద కాలేసినట్టు లోపలికి పోతోంది.

పొద్దున షెడ్డు తలుపులు తీసినప్పటినుంచీ ఇదే భాగోతం. బ్రేకుల్లోంచి గాలి తీయడమంటే మేస్త్రికి పళ్ళు తోముకోవడంతో సమానం. నిద్రలో లేపినా చేస్తాడు. అలాంటిది ఈ ఒక్క కారు వారంపైగా అతని పరువు తీస్తోంది.

మనిషి సన్నంగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ మోకాలు పూర్తిగా మడవలేడు, అందుకని ఖాళీ నూనెడబ్బా ఒకటి బోర్లించుకుని దానిమీద కూర్చుని పనిచేస్తాడు. ఏళ్ళ తరబడి బ్రేకు ఆయిలు తగిలి వేళ్ళ కొసలు పొరలు లేచిపోయాయి. షెడ్డులో ఇంజన్లు విప్పేవాళ్ళు వేరు, రంగులేసేవాళ్ళు వేరు. మేస్త్రి బ్రేకులు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. ఇంజను బాగుచేసినవాణ్ణి జనం పదిమందికీ చెప్పుకుంటారు, రంగేసినవాణ్ణి చూసినప్పుడల్లా తలుచుకుంటారు. బ్రేకులు బాగుచేసినవాణ్ణి మాత్రం ఎవరూ తలవరు. అతని పని సరిగ్గా ఉంటే ఏమీ జరగదు, అంతే. ఏమీ జరగకపోవడమే అతను జీవితమంతా చేసిన పని. ఇంతా చేసి సొంత సైకిలుకి బ్రేకుండదు, కాలు నేలకి రాసి ఆపుతాడు. భార్య ఎన్నిసార్లు దెప్పినా రేపు చూస్తానంటాడు.

కారు పాతది. రెండే తలుపులు, పొట్ట నేలకి ఆనుతుందా అన్నంత కిందికి ఉంటుంది. కొత్తలో దాని చప్పుడు వింటే ముందు వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకునేవారట. పరుగులో ఇప్పటికీ లోటు లేదు. ఆగడమే వయసుకి తగ్గట్టు ఆగుతుంది. దాని యజమాని ఫైరింజను నడిపి రిటైరైన డ్రైవరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గంట కొట్టుకుంటూ ఎంత వేగంగా వెళ్ళినా ఎవరూ ఏమీ అనలేదని, ఇప్పుడు నెమ్మదిగా వెళ్ళడం చేతకావడం లేదని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటాడు. కొండ దిగుతుంటే మూడో మలుపు దగ్గర బ్రేకు పట్టు వదిలేసింది. ఎలాగో గేర్లతో ఆపుకున్నాడు. పక్కన కూర్చున్న భార్య ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటూ, ఇంక ఈ కారు ఎక్కనంది. అందుకే ఆయన మేస్త్రి దగ్గరికొచ్చాడు.

పెళ్ళిసంబంధం చూసినంత శ్రద్ధగా ఇద్దరూ కూర్చుని సామాను ఎంచుకున్నారు. చక్రంతోపాటు తిరిగే డిస్కులు చిల్లులు పొడిచినవైతే అందంగా ఉంటాయని డ్రైవరు ముచ్చటపడ్డాడు. పగుళ్ళు ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయని చెప్పి మేస్త్రి సాదావే తెప్పించాడు, కాకపోతే పెద్దవి, మధ్యలో గాలి ఆడేవి. డిస్కుని ఒరుసుకుని ఆపే ప్యాడ్లలో పందెం కార్లవి డ్రైవరే వద్దన్నాడు. అవి వేడెక్కితేగానీ పట్టవు, ఆయనకేమో ఇల్లు దాటిన మొదటి మలుపులోనే బ్రేకు కావాలి. ఉబ్బిపోయిన రబ్బరు పైపులు తీసేసి ఉక్కు అల్లిక తొడిగినవి పెట్టారు. వెనక బ్రేకుల జోలికి వెళ్ళలేదు. వెనకవి ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుందని ఇద్దరికీ తెలుసు. ఇక డిస్కును రెండువైపులనుంచీ నొక్కిపట్టే క్యాలిపర్ల కోసం పాతసామాన్ల దొడ్డికి వెళ్ళి, ఇంతకంటే బరువైన ఓ పెద్ద కారునుంచి విప్పుకొచ్చారు. చక్రంలో ఇముడుతాయో లేదోనని మేస్త్రి అట్టముక్క కత్తిరించి ముందే చూసుకున్నాడు. తర్వాత తికమక పడకుండా ఎడమదాని మీద తెల్లరంగు చుక్క కూడా పెట్టాడు. అంత జాగ్రత్త గల మనిషి.

పెద్ద క్యాలిపర్లు ఎక్కువ ఆయిలు తాగుతాయి. వాటికి ఆయిలు తోసే మాస్టర్ సిలిండర్ కూడా పెద్దదే ఉండాలి. ఓ వ్యానుది దొరికింది గానీ లోపలంతా తుప్పు గుంటలు. దాన్ని మళ్ళీ మనిషిని చేయగలవాడు ఒక్కడే, మేస్త్రి బావ.

బావ అంటే భార్యకి అన్న. వెనకవీధిలో రెండు గోడల మధ్య మిగిలిపోయిన సందులాంటి కొట్లో లేతుమిషను పెట్టుకుని సిలిండర్లు బాగుచేస్తాడు. ఆ కొట్టు మామగారిది. మేస్త్రి చిన్నతనంలో పనికి చేరింది అక్కడే. మామగారు చెవి మెలిపెట్టి నేర్పితే, బావ ఆయన చూడకుండా చేతిలో చెయ్యేసి నేర్పాడు. మేస్త్రి చేసిన తప్పులకి చాలాసార్లు తనే తిట్లు తిన్నాడు. చెల్లెల్ని వీడికే ఇవ్వాలి, మనింట్లో బ్రేకులవాడు లేడని ఇంట్లోవాళ్ళని నవ్వించి ఒప్పించిందీ బావే. ఇప్పుడు ఒంటరివాడు. కూతురు పొరుగూళ్ళో ఉంది, వచ్చి ఉండమని పోరుతుంటుంది. పనుందమ్మా అని తప్పించుకుంటుంటాడు.

ఆ సిలిండర్‌కి బావ లోపల ఇత్తడి గొట్టం దిగ్గొట్టి, నున్నగా చేసి, కొత్త రబ్బరు వాషర్లు వేసి ఇచ్చాడు. బిగించారు. పెడలు మెత్తగా దిగిపోయింది. మేస్త్రి రోజంతా గాలి తీసి, లోపం సిలిండర్లోనే ఉందని తేల్చాడు. బావ వచ్చి దాన్ని విప్పుకెళ్ళి, వాషర్లన్నీ మళ్ళీ మార్చి తెచ్చాడు. అదే మెత్తన. దానికి ముందురోజే షెడ్డు ఓనరు మేస్త్రి భుజం తట్టి, వయసు మీదపడితే చెవులే కాదు, చేతులూ మాట వినవని హాస్యమాడాడు. ఆ మాట మేస్త్రికి ఎక్కడో గుచ్చుకుంది. దాన్ని తన మీదనుంచి దించుకోవడానికి బావ భుజం దగ్గరగా కనిపించింది. ఓనరూ డ్రైవరూ రంగులవాళ్ళూ అందరూ నిలబడి ఉండగా అనేశాడు.

“నీ చెయ్యి పోయింది బావా, ఒప్పుకో. ఈ పని ఇంక మానెయ్. ఎవడో ఒకడు చస్తాడు.”

బావ రెండు చేతులూ తిప్పి, ఇంకెవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు. గుడ్డతో తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున ఓనరు అట్టపెట్టెలో కొత్త సిలిండర్ తెప్పించాడు. అది బిగించి గాలి తీస్తున్నారు. కొత్తది కదా, మొదట్లో కాస్త సతాయిస్తుందని ఓనరు సర్దిచెప్పుకున్నాడు. మేస్త్రి కూడా అలాగే అన్నాడు. బుడగలు ఆగిపోయాయి, పెడలు మారలేదు. కొత్త సిలిండర్‌కి కూడా చెయ్యి పోయిందని ఎలా అంటాడు?

డ్రైవరూ ఓనరూ భోజనానికి వెళ్ళారు. మేస్త్రి టిఫిను డబ్బా మూత తియ్యకుండా నూనెడబ్బా మీదే కూర్చున్నాడు. మెడ పట్టేసింది. వేళ్ళతో మెడ నొక్కుకుంటుంటే వేళ్ళకంటిన ఆయిలు చుక్క ఒకటి జారి చొక్కా చేతిలోకి పోయింది. అప్పుడు అతనికి అనిపించింది, ఇన్నేళ్ళలో గాలి తీయడానికి మెడ ఇంతలా వంచిన గుర్తు లేదే అని. ఎందుకు వంచాల్సి వస్తోంది? నిపిల్ కింద ఉంది కాబట్టి. నిపిల్ కింద ఎందుకుంది?

లేచి నిలబడ్డాడు. అవతలి చక్రం దగ్గరికి వెళ్ళి చూశాడు. అక్కడా నిపిల్ కిందే ఉంది.

గాలి పైకి పోతుంది. గాలి తీసే నిపిల్ పైనే ఉండాలి. లేకపోతే ఆయిలు ఎంత కక్కించినా క్యాలిపర్ నెత్తిమీద గాలి దర్జాగా కూర్చునే ఉంటుంది, తొక్కినప్పుడల్లా అదే నలుగుతుంది. ఇది ఈ పనిలో చేరిన మొదటి వారంలో చెప్పే సంగతి. విప్పుకొచ్చిన ఆ పెద్ద కారులో క్యాలిపర్లు ముందు చక్రాల డిస్కులకి వెనకవైపు ఉండేవి. ఈ కారులో ముందువైపు బిగించాలి. వెనకది ముందుకి తెస్తే తలకిందులవుతుంది, అందుకని ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చుకోవాలి. మేస్త్రి మాత్రం తెల్లచుక్క చూసుకుని, ఎడమది ఎడమకే బుద్ధిగా బిగించాడు. మతిమరుపువాడైతే తారుమారు చేసేవాడు, కారు బాగయ్యేది. జాగ్రత్తే కొంప ముంచింది.

చుట్టూ ఎవరూ లేరు, అయినా ఎవరో చూస్తున్నట్టు గోడవైపు తిరిగాడు. బావ చేతులు తిప్పి చూసుకోవడం కళ్ళముందు కదిలింది. చెప్పాలి, ఓనరు రాగానే చెప్పేయాలి అనుకున్నాడు. అనుకుంటూనే స్పానరు తీసుకుని, వాళ్ళు తిరిగొచ్చేలోపు రెండు క్యాలిపర్లనీ విప్పి ఇటుదటు, అటుదిటు మార్చేశాడు. తెల్లచుక్కని పెట్రోలు గుడ్డతో తుడిచేశాడు. చెప్పాలనుకున్నవాడికి చుక్క తుడవాల్సిన పనేమిటో అతను తనను తాను అడుక్కోలేదు.

డ్రైవరు వచ్చి మళ్ళీ పెడలు దగ్గర కూర్చున్నాడు. ఈసారి స్పానరు వదులు చేయగానే గొట్టంలో బుడగలు గుడగుడమంటూ వచ్చాయి. ఇంత గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన ఆశ్చర్యపోయాడు. ఎక్కడో ఇరుక్కుని ఉంటుందని మేస్త్రి తల దించుకునే చెప్పాడు. రెండు చక్రాలూ అయ్యేసరికి పెడలు రాయిలా నిలబడింది. డ్రైవరు కేకేసి ఓనర్ని పిలిచాడు. ఓనరు తనే కూర్చుని తొక్కి చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

మేస్త్రి చక్రం ఎక్కిస్తున్నాడు. ఓనరు ఎవరికి చేస్తున్నాడో మొదటి మాటలోనే తెలిసింది.

“మా మేస్త్రి అన్నదే నిజమైందండీ. కొత్త సిలిండర్ పెట్టగానే పెడలు కొండలా నిలబడింది. మీది ఇక్కడే ఉంది, తీసుకెళ్ళండి. మీరింక విశ్రాంతి తీసుకోవచ్చు.”

ఓనరు చెడ్డవాడేం కాదు. మర్యాదగానే చెప్పాడు, పెద్దాయన కదా అని గొంతు కూడా తగ్గించాడు. మేస్త్రి చేతిలో చక్రం బోల్టు ఉంది. లేచి రెండడుగులేసి ఒక్క మాట అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా బోల్టు మీద బోల్టు బిగించుకుంటూ కూర్చున్నాడు. అవతలనుంచి బావ ఏమన్నాడో వినబడలేదు. ఓనరు సరే సరే అని పెట్టేశాడు.

తర్వాత డ్రైవరు మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలని ముందు మెల్లగా తొక్కుతూ, ఆపైన వేగం పెంచుతూ, ఖాళీ రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టాడు. కారు ఎటూ లాగకుండా, ముక్కు కాస్త వంచి, గీత గీసినట్టు ఆగింది. డ్రైవరు మేస్త్రి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, రేపు మా ఆవిణ్ణి ఎక్కిస్తాను అన్నాడు. ఆయన కళ్ళలో తడి మెరిసింది. మేస్త్రికి ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. జీవితంలో ఇంత బాగా ఆగిన కారు అతని చేతిమీదుగా వెళ్ళలేదు. ఇంత సిగ్గూ అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

తిరిగొస్తూ వెనకవీధి మొదట్లో ఏదో బండి అడ్డం వచ్చి ఆగాల్సి వచ్చింది. బావ కొట్టు అక్కణ్ణుంచి కనబడుతుంది. ఇక్కడ దిగుతారా అని డ్రైవరే అడిగాడు. వద్దు, పోనివ్వండన్నాడు.

సాయంత్రం షెడ్డులో చేతులు కడుక్కుంటుంటే భార్య ఫోను చేసింది. ఆవిడ గొంతు ఎప్పటిలా లేదు. అన్నయ్య కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడని, అల్లుడు ఏదో పనిమీద వచ్చి కారులో తిరిగి వెళ్తున్నాడని, తను కొట్లోనే ఉన్నానని చెప్పింది. పొద్దున అల్లుడు అడిగితే పనుంది, ఇప్పుడు రానన్నాడట. మధ్యాహ్నం ఎవరో ఫోను చేశాక, వస్తానని తనే అన్నాడట. మేస్త్రి సైకిలెక్కి వీధి మలుపులో ఎవర్నో గుద్దబోయి, కాలు నేలకి రాసి ఆపుకుని, మళ్ళీ తొక్కాడు.

కొట్టు ముందు అల్లుడి కారు వెనక డిక్కీ తెరిచి ఉంది. అల్లుడు సామాను సర్దుతున్నాడు. లోపల భార్య బట్టల సంచీ ముడేస్తోంది. బావ ఉతికిన చొక్కా తొడుక్కుని, లేతు పక్కన స్టూలు మీద చుట్టంలా కూర్చుని ఉన్నాడు. మేస్త్రిని చూసి ముఖం విప్పారింది.

“రా బావా. చెప్పకుండా వెళ్ళిపోతానేమోనని బెంగగా ఉంది. నువ్వు కాబట్టి ముఖాన చెప్పావు. వేరేవాడైతే వెనకాల నవ్వుకునేవాడు.”

మేస్త్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెప్పకుండా ఉండటానికి అన్నీ అనుకూలంగా ఉన్నాయి. కారు బయల్దేరుతోంది, మనిషి మంచిమాట అనేశాడు, ఇంక ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ మంచిమాటే మింగుడు పడలేదు.

“సిలిండర్ బాగానే ఉంది బావా. తప్పు నాది. ఎడమ క్యాలిపర్ ఎడమకే పెట్టాను. నిపిల్ కిందికొచ్చింది.”

బావకి వివరించాల్సిన అవసరం లేకపోయింది. చేత్తో గాలిలో ఓ క్యాలిపర్ని పట్టుకుని వెనకనుంచి ముందుకి తిప్పినట్టు తిప్పి చూసుకున్నాడు. మరింక గాలెలా పోతుంది అని తనలో తను అనుకుని, కొంచెం నవ్వాడు కూడా. చిన్నప్పుడు మేస్త్రి ఏదైనా తారుమారు చేస్తే అలాగే నవ్వేవాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

“ఎప్పుడు చూశావు?”

“మధ్యాహ్నం.”

“మీ ఓనరు నాకు ఫోన్ చెయ్యకముందా, చేశాకా?”

భార్య సంచీ ముడి వెయ్యడం ఆపింది.

“ముందే,” అన్నాడు మేస్త్రి.

బయట అల్లుడు డిక్కీ వేసిన చప్పుడైంది. తిడితే బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు. బావకి తిట్టడం చిన్నప్పటినుంచీ రాదు. రేపు అందరిముందూ చెప్తాను, మిషను ఇక్కడే ఉంటుంది, నువ్వు ఉండిపో బావా అని మేస్త్రి తడబడుతూ బతిమాలాడు.

“చెప్పు,” అన్నాడు బావ. “నాకోసమని కాదు, ఇంకొకడు అలా బిగించకుండా ఉంటాడు.” చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. “నువ్వు అన్నరోజు ఇలా లేదు బావా. అన్నాక మొదలైంది. వాషరు పట్టుకుంటే చాలు, వస్తోంది. ఇలాంటి చేత్తో బ్రేకు సామాను ముట్టుకోకూడదు. నువ్వన్నది అప్పుడు అబద్ధం, ఇప్పుడు నిజమే.”

మేస్త్రి ఆ చెయ్యి పట్టుకోబోయాడు. బావ అప్పటికే లేచి చొక్కా సర్దుకుంటున్నాడు. కోపం లేదని చెప్పడానికన్నట్టు వెళ్తూ వెళ్తూ మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా గుడ్డ మీదనుంచి కూడా ఆ వణుకు తెలిసింది. భార్య సంచీ తీసుకుని అన్న వెనకే నడిచింది. ఊరి చివరిదాకా వాళ్ళతో వెళ్ళి వస్తానంది. మేస్త్రి ముఖం చూడలేదు.

“తలుపేసి ఇంటికెళ్ళండి. తాళం గోడకి ఉంది,” అంది అంతే.

కారు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. మలుపులో దాని వెనక ఎర్రదీపాలు వెలిగి ఆరాయి. ఎన్నడూ ఎవరి బ్రేకు దీపాలనీ అంతసేపు చూడని మేస్త్రి, అవి కనబడకుండా పోయినా అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తే కాస్త తేలికయ్యేది. ఇంతకాలం ఎవరికీ ఏమీ జరగకుండా చూసినవాడు, తన మనిషికి తన నోటితో తనే ఇంత చేశాడు.

లోపలికి వెళ్ళాడు. లేతు మీద గుడ్డ కప్పి ఉంది. నేల ఊడ్చేసి ఉంది, ఇత్తడి రజను కూడా ఎత్తేశారు. పనిముట్లన్నీ మామగారి కాలంలో లాగే మేకులకి వరసగా వేలాడుతున్నాయి. తాళం తీసుకుని దీపం ఆర్పబోతూ, కిటికీ కిందున్న బల్ల మీద సర్దడం మరిచిపోయిన వస్తువు ఒకటి చూశాడు. వాషరు ఎక్కించేముందు దాన్ని బ్రేకు ఆయిల్లో నానేయడం ఆ కొట్లో పద్ధతి. పొద్దున నానేస్తే మధ్యాహ్నం భోంచేసి వచ్చాక ఎక్కించేవారు. చిన్న రేకుమూతలో, దుమ్ము పడకుండా పైన గాజుగ్లాసు బోర్లించి, ఇవాళ పొద్దున నానేసిన నల్లటి రబ్బరు వాషరు ఒకటి ఇంకా నానుతూ ఉంది.